సీఈఓకి కోట్లు, పనివాళ్లకి వేలు: ఇది న్యాయమేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే, జూన్ నెలల్లో కంపెనీల వార్షిక నివేదికలు బయటికొస్తాయి. ఫలానా సీఈఓకి ఎనభై కోట్లు అని పేపర్లో పడుతుంది. మర్నాటి నుంచి నాకు ఫోన్లు మొదలు. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు జీతాల సెక్షన్ చూశాను కాబట్టి, మా తమ్ముడి స్నేహితుల నుంచి పాత షిఫ్ట్ ఆపరేటర్ల దాకా అందరూ నన్నే అడుగుతారు. అడిగేవి ఏటా అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. లెక్క ఉన్నచోట లెక్క చెప్పాను, నా అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమే అని తెలిసేలా రాశాను.

## ముందు లెక్క తెలుసుకుందాం

పేపర్లో రాసే "80 కోట్ల జీతం" నిజంగా నెలనెలా బ్యాంకులో పడే జీతమేనా?

అంతా కాదు. ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్‌కి 2024-25లో వచ్చింది 80.62 కోట్ల రూపాయలు. అందులో మామూలు అర్థంలో జీతం 7.45 కోట్లు. రిటైర్మెంట్ ప్రయోజనాలు 49 లక్షలు. పనితీరును బట్టి ఇచ్చిన బోనస్ 23.18 కోట్లు. మిగిలిన 49.5 కోట్లు షేర్ల రూపంలో వచ్చినవి. ఆ షేర్లు కొన్నేళ్ల కిందట ఇస్తామని ఒప్పుకున్నవి, ఆ ఏడాది ఆయన చేతికి అందాయి. మధ్యలో షేరు ధర పెరిగితే పేపర్లో అంకె కూడా పెరుగుతుంది. అందుకే ఒక ఏడాది 71 కోట్లు, ఇంకో ఏడాది 56 కోట్లు, మళ్లీ 80 కోట్లు అని ఊగుతూ కనిపిస్తుంది.

అయితే "షేర్లు కదా, అది జీతం కాదు" అని కొట్టిపారేయడం కూడా సరికాదు. ఆ షేర్లు ఇచ్చింది పని చేసినందుకే. వాటిమీద పన్ను కూడా జీతం మీద పడ్డట్టే పడుతుంది.

మా కంపెనీ సీఈఓకి మాకన్నా ఎన్ని రెట్లు వస్తుందో ఎక్కడ చూడాలి?

మీ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయి ఉంటే వార్షిక నివేదికలో చూడొచ్చు. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం ప్రతి లిస్టెడ్ కంపెనీ తన డైరెక్టర్లలో ఒక్కొక్కరి పారితోషికం, ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఎన్ని రెట్లో రాయాలి. డైరెక్టర్ల నివేదిక వెనక అనుబంధాల్లో ఉంటుంది. ఏడాదికి కోటీ రెండు లక్షలు, అంతకన్నా ఎక్కువ తీసుకునే ఉద్యోగుల వివరాలు కూడా కంపెనీ ఇవ్వాలి. ఆ జాబితాను చాలా కంపెనీలు నివేదికలో అచ్చు వేయకుండా, వాటాదారు అడిగితేనే పంపుతాయి.

లిస్టు కాని ప్రైవేటు కంపెనీలకు ఈ నిబంధన లేదు. అక్కడ రెట్ల లెక్క బయటికి రాదు.

మధ్యస్థ జీతం అంటే సగటే కదా?

కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక హోటల్లో ఐదుగురున్నారు అనుకోండి. సామాన్లు తోమే అతనికి 12 వేలు, సర్వర్లిద్దరికీ 14, 15 వేలు, వంటమాస్టర్‌కి 18 వేలు, మేనేజర్‌గా కూర్చున్న ఓనరు కొడుక్కి 5 లక్షలు. సగటు తీస్తే 1,11,800 వస్తుంది. అది ఐదుగురిలో ఎవరి బతుకునూ చెప్పదు. వరుసలో సరిగ్గా మధ్యన నిలబడ్డవాడి జీతం 15 వేలు. అదీ మధ్యస్థం. చట్టం ఈ మధ్యవాడితో పోల్చమనడం మంచి పని.

ఇన్ఫోసిస్‌లో ఎన్ని రెట్లు? కొత్తగా చేరినవాళ్లతో పోలిస్తే?

2024-25లో ఇన్ఫోసిస్ తానే చూపించిన నిష్పత్తి 752 రెట్లు. మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 10.7 లక్షలు.

కాలేజీ నుంచి నేరుగా చేరేవాళ్లలో ఎక్కువమందికి అక్కడి ప్యాకేజీ 3.6 లక్షల దగ్గర ఉంటుంది. దాంతో భాగిస్తే 2,239 రెట్లు. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

3.6 లక్షలంటే నెలకు 30 వేలు అని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. పే స్లిప్ దగ్గర పెట్టుకుని చూడండి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కూడా ఆ 30 వేలల్లోవే. అవి పోయాక మన పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 కట్ అవుతాయి. చేతికొచ్చేది 24, 25 వేలు. మాదాపూర్‌లో ముగ్గురు పంచుకునే హాస్టల్ గదికి ఎనిమిది వేలు పోతే, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ కట్టాక ఇంటికి పంపడానికి మిగిలేది చాలా తక్కువ. మా పక్కింటి అబ్బాయి మొదటి జీతం వచ్చిన నెల 27వ తేదీన వాళ్ల నాన్నకే ఫోన్ చేసి వెయ్యి రూపాయలు అడిగాడు.

కాంట్రాక్టు వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు ఈ లెక్కలో ఉంటారా?

ఉండరు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే.

మధ్యస్థ జీతం లెక్కించేది కంపెనీ సొంత జాబితాలో ఉన్న ఉద్యోగుల మీద. గేటు దగ్గర నిలబడే గార్డు, బాత్రూములు కడిగే మనిషి, ప్యాకింగ్‌లో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయి, ఉద్యోగుల బస్సు నడిపే డ్రైవర్ కాంట్రాక్టరు మనుషులు. వాళ్లకిచ్చే డబ్బు పుస్తకాల్లో జీతాల కింద పడదు, ఖర్చుల కింద పడుతుంది. మా ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు బిల్లుల ఫైలు ఏ బీరువాలో ఉండేదో నాకు ఇప్పటికీ గుర్తే. జనరేటర్ డీజిల్ బిల్లులు, క్యాంటీన్ కూరగాయల బిల్లుల పక్కన. పర్మినెంట్ వాళ్ల ఫైళ్లు మాత్రం నా టేబుల్ వెనక, తాళం వేసిన అరలో.

ఒకసారి ప్యాకింగ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒకావిడ నా కిటికీ దగ్గరికొచ్చి ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు తక్కువ పడ్డాయని చెప్పింది. కాంట్రాక్టర్ని అడగమ్మా అన్నాను. "మా పేర్లు మీ కంప్యూటర్లో ఉండవా సార్?" అంది. ఉండవని చెప్పాను. ఆవిడ కాసేపు అలాగే నిలబడి వెళ్లిపోయింది.

దీనివల్ల విచిత్రం ఏమిటంటే, తక్కువ జీతపు పనులన్నీ కాంట్రాక్టుకి ఇచ్చేసిన కంపెనీలో మధ్యస్థ జీతం పెరిగి, సీఈఓ నిష్పత్తి తక్కువగా కనిపిస్తుంది. ఆ పనివాళ్లను సొంతంగా పెట్టుకుని పీఎఫ్, బోనస్ ఇచ్చే కంపెనీ నిష్పత్తి ఎక్కువగా కనిపించి చెడ్డపేరు తెచ్చుకుంటుంది. రెట్ల అంకె ఒక్కటే చూసి ఏ కంపెనీనీ మెచ్చుకోకండి.

కాంట్రాక్టు వాళ్ల జాడ కొంత కనిపించే చోటు ఒకటుంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు, స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం, 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. పనివాళ్లు, సమాజం, పర్యావరణం పట్ల కంపెనీ ఎలా నడుచుకుంటోందో చెప్పే నివేదిక అది. అందులో మానవ హక్కుల గురించిన ఐదో సూత్రం కింద ఒక పట్టిక ఉంటుంది. ఎంతమందికి సరిగ్గా కనీస వేతనమే ఇస్తున్నారు, ఎంతమందికి అంతకన్నా ఎక్కువ ఇస్తున్నారు అని పర్మినెంట్ కాని వాళ్లకు కూడా విడిగా చూపించాలి.

## జీతం ఎలా ఖరారవుతుంది

సీఈఓ జీతం ఎవరు నిర్ణయిస్తారు? ఆయనే రాసుకుంటాడా?

చట్టప్రకారం ఆయన రాసుకోడు. బోర్డులో నామినేషన్, పారితోషికాల కమిటీ అని ఒకటి ఉంటుంది. లిస్టెడ్ కంపెనీ అయితే అందులో మూడింట రెండొంతుల మందైనా స్వతంత్ర డైరెక్టర్లు, అంటే కంపెనీతో డబ్బు సంబంధాలు లేని బయటివాళ్లు, ఉండాలి. కమిటీ సిఫార్సు చేస్తుంది, బోర్డు ఒప్పుకుంటుంది, వాటాదారులు ఓటేస్తారు.

ఆచరణలో జరిగేది ఇంకొంచెం ఉంది. కమిటీ ఒక కన్సల్టెన్సీని పిలుస్తుంది. వాళ్లు ఇలాంటివే పది, పదిహేను కంపెనీలు ఎంచుకుని అక్కడి సీఈఓలకు ఎంతిస్తున్నారో పట్టిక వేస్తారు. మా సీఈఓ సగటుకన్నా తక్కువ మనిషి అని చెప్పుకోవడానికి ఏ బోర్డుకూ మనసొప్పదు. కాబట్టి సగటుకన్నా కాస్త పైన ఖరారు చేస్తారు. పదిహేను కంపెనీలూ అదే పని చేస్తే వచ్చే ఏడాదికి ఆ సగటే పెరిగిపోతుంది. ఎవరూ తప్పు చేయకుండానే జీతాలు ఏటా పైకి పాకుతాయి. పైగా కమిటీలో కూర్చునేవాళ్లలో చాలామంది వేరే కంపెనీల్లో పెద్ద పదవులు చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు. కోట్ల అంకె వాళ్లకు వింతగా అనిపించదు.

మరి మా జీతం ఎలా నిర్ణయిస్తారు?

ఈ పని చేసినవాడిగా సూటిగా చెబుతాను. పైవాళ్ల విషయంలో "మిగతాచోట్ల ఎంత ఎక్కువ ఇస్తున్నారు" అని చూస్తారు. కిందివాళ్ల విషయంలో "ఎంత తక్కువకు మనిషి దొరుకుతాడు" అని చూస్తారు. ఒకే కంపెనీలో, ఒకే ఏడాది, రెండు రకాల తూకపురాళ్లు. నన్ను అడిగితే అన్యాయం ఉన్నది 752 అనే అంకెలో కన్నా ఈ రెండు తూకపురాళ్లలోనే ఎక్కువ.

మా దగ్గర హైక్ సీజన్ ఇలా ఉండేది. ముందు మొత్తం జీతాల బడ్జెట్‌కి ఇంత శాతం అని పైనుంచి వస్తుంది. దాన్ని డిపార్ట్‌మెంట్లకు పంచుతారు. ఒకరికి పది శాతం ఇవ్వాలంటే ఇంకొకరికి మూడు శాతానికి కోయాలి. అందుకే బాగా పనిచేసినా "ఈసారి బడ్జెట్ లేదు" అన్న మాట వినిపిస్తుంది. పై మెట్టు మీద వాళ్లకు ఈ బడ్జెట్ వర్తించేది కాదు. వాళ్ల కాగితాలు విడిగా, సీల్ వేసిన కవర్లో వచ్చేవి.

ఐటీ ఫ్రెషర్ల జీతం పదిహేనేళ్లుగా అక్కడే ఎందుకు ఆగిపోయింది?

2010 ప్రాంతంలో పెద్ద సర్వీస్ కంపెనీల్లో చేరినవాళ్లకు మూడు లక్షల చిల్లర ఇచ్చేవారు. ఇప్పటికీ మామూలు కోడర్‌గా చేరితే మూడున్నర లక్షల దగ్గరే. ఈలోపు అద్దెలు, పప్పులు, బస్సు చార్జీలు ఎంత పెరిగాయో మీకు తెలుసు. అంటే నిజానికి జీతం తగ్గింది.

అసలు కారణం జనం. ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక దశలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాకా వెళ్లాయి. మూడున్నర లక్షలకు ఒకరు రానంటే వెనక పదిమంది ఉన్నారు. కంపెనీ ఎందుకు పెంచుతుంది? దీన్ని మార్కెట్ అంటారు, నిజమే. కానీ సీఈఓ కుర్చీకి కూడా అర్హులు వరుసలో చాలామందే ఉంటారు. అక్కడ మాత్రం "తక్కువకు ఎవరొస్తారు" అని ఎవరూ కేక వేయరు.

## న్యాయమా, కాదా

అంత తెలివి, అంత బాధ్యత ఉన్నవాళ్లకు ఎక్కువ ఇవ్వడం తప్పా?

తప్పు కాదు. అందరికీ ఒకే జీతం ఉండాలని నేను అనను. మూడు లక్షల మంది ఉద్యోగాలు, వేల కోట్ల కాంట్రాక్టులు ఒకరి నిర్ణయం మీద ఆధారపడి ఉంటే ఆ మనిషికి నిద్ర పట్టని రాత్రులుంటాయి. దానికి విలువ కట్టాలి.

కానీ బాధ్యత అంటే తప్పు జరిగినప్పుడు భారం మోయడం కూడా. నిర్ణయం బెడిసికొడితే పెద్దాయనకు ఆ ఏడాది బోనస్ తగ్గుతుంది, మహా అయితే మంచి సెటిల్‌మెంట్‌తో తప్పుకుంటారు. ఉద్యోగం పోయేది మాత్రం ఈఎంఐ కడుతున్నవాళ్లకు. 2025 జులైలో టీసీఎస్ సుమారు 2 శాతం, అంటే 12 వేలమందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించినప్పుడు కూకట్‌పల్లి, మియాపూర్ ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. ఆ టెన్షన్‌కి ఎవరూ ఏ షేర్లూ ఇవ్వరు.

కోట్లివ్వకపోతే మంచి మేనేజర్లు దొరకరు కదా?

రెండు బ్యాంకులు చూడండి. 2022-23లో స్టేట్ బ్యాంక్ ఛైర్మన్ జీతం 37 లక్షలు. అదే ఏడాది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఎండీ పారితోషికం 10.55 కోట్లు, అంటే 28 రెట్లు. ఆ ఏడాది స్టేట్ బ్యాంక్ లాభం 50 వేల కోట్లు దాటింది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ లాభం 44 వేల కోట్ల పైన. రెండూ బాగానే నడిచాయి.

ఈ పోలికలో ఒక మెలిక ఉందని ఒప్పుకోవాలి. ప్రభుత్వ బ్యాంకు ఛైర్మన్‌కి క్వార్టర్స్, హోదా, ముప్పై ఏళ్ల ఉద్యోగ భద్రత ఉన్నాయి, వెనక ప్రభుత్వం ఉంది. అయినా ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరి మెట్టు మెట్టు ఎక్కి దేశంలో అతి పెద్ద బ్యాంకును నడిపే మనిషి 37 లక్షలకు దొరికారంటే, కోట్లిస్తే తప్ప తెలివి రాదన్న మాట నిలబడదు.

సీఈఓ జీతం కోసి అందరికీ పంచితే మా జీతాలు పెరుగుతాయా?

పెద్దగా పెరగవు. 80.62 కోట్లను ఇన్ఫోసిస్‌లోని దాదాపు 3.23 లక్షల మందికి సమానంగా పంచితే తలకి ఏడాదికి 2,500 కూడా రాదు. నెలకు 200 రూపాయల పైచిలుకు. యూనియన్ మీటింగుల్లో ఈ లెక్క చెబితే కొందరికి కోపమొస్తుంది, కానీ లెక్క లెక్కే.

అయినా ఈ విషయం ఎందుకు పట్టించుకోవాలంటే, పైన ఒకరికి 80 కోట్లంటే ఆ కింద ఉన్న పాతికమందికి కూడా అదే స్థాయిలో కావాలి. ఇల్లంతా రేటు మారిపోతుంది. పైగా బోనస్, షేర్లు అన్నీ లాభానికీ షేరు ధరకూ ముడిపడితే లాభం చూపించడానికి సులువైన దారి హైకులు వాయిదా వేయడం, మనుషుల్ని తగ్గించడం. ఆయనకి వచ్చే డబ్బు కన్నా ఆ డబ్బు ఏ షరతు మీద వస్తుందన్నదే మన జీతాలను ఎక్కువగా తాకుతుంది.

కంపెనీ ఆయన సొంతం. తన డబ్బు తాను తీసుకుంటే మనకేంటి?

పూర్తిగా సొంతమైతే నిజమే. లిస్టు అయ్యాక అది ఒక్కరి సొంతం కాదు. మీ మ్యూచువల్ ఫండ్‌లో, ఎల్‌ఐసీ పాలసీలో ఉన్న డబ్బు కూడా ఆ కంపెనీలో ఉండొచ్చు. ప్రమోటర్, అంటే కంపెనీ పెట్టి నడిపించే పెద్ద వాటాదారు, తన వాటాకి డివిడెండ్ (లాభంలో పంచే భాగం) తీసుకుంటాడు, అది అందరికీ వచ్చినట్టే వస్తుంది. దానిమీద మళ్లీ ఎండీగా లాభంలో శాతం కమిషన్ తీసుకుంటే ఆ రెండోది మిగతా వాటాదారుల జేబులోంచి కూడా పోతుంది.

అందరూ అలా లేరు. ముకేశ్ అంబానీ 2008-09 నుంచి తన జీతాన్ని 15 కోట్ల దగ్గర ఆపేశారు. కోవిడ్ వచ్చాక 2020-21 నుంచి అది కూడా వదిలేశారు. ఆయన ఆదాయం వాటాల మీద వస్తుంది కాబట్టి దీన్ని త్యాగం అనను. జీతం తీసుకోవడం వేరు, యజమానిగా సంపాదించడం వేరు అని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

సత్య నాదెళ్ల మన హైదరాబాదీ. ఆయన జీతం చూసి గర్వపడాలా, కోప్పడాలా?

మనవాడు అంతెత్తు ఎదిగితే గర్వంగానే ఉంటుంది, నాకూ ఉంది. మైక్రోసాఫ్ట్ 2025 ఆర్థిక సంవత్సరంలో ఆయనకిచ్చింది 9.65 కోట్ల డాలర్లు, అక్కడి మధ్యస్థ ఉద్యోగికి 480 రెట్లు. ఆ ఉద్యోగి జీతం కూడా ఏడాదికి రెండు లక్షల డాలర్లు, కాబట్టి కింద ఉన్నవాడు పస్తులుండే పరిస్థితి కాదు. కానీ ఆ 2025లోనే మే, జులై నెలల్లో కలిపి మైక్రోసాఫ్ట్ సుమారు 15 వేలమందిని తీసేసింది. వాళ్లలో హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలకు అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవలసిన పరిస్థితి.

ఆయన చేసిన ఒక పని మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. 2024లో సైబర్ భద్రతలో జరిగిన లోపాలకు బాధ్యతగా తన నగదు బోనస్ తగ్గించమని ఆయనే బోర్డును అడిగారు. 1.07 కోట్ల డాలర్లు రావలసింది 52 లక్షల డాలర్లయింది. మొత్తంతో పోలిస్తే చిన్నదే అయినా, తప్పుకి పైవాళ్లు కూడా కొంత కట్టాలన్న సూత్రాన్ని ఆచరణలో చూపించారు.

హీరోలకు, క్రికెటర్లకు కోట్లిస్తే ఎవరూ అడగరు. సీఈఓలనే ఎందుకు అంటారు?

హీరోకి టికెట్ కొని ఇచ్చేది మనం. నచ్చకపోతే మానేస్తాం. సీఈఓ జీతం మనం అలా ఇచ్చేదీ మానేసేదీ కాదు, బోర్డు గదిలో తేలుతుంది.

అయితే సినిమావాళ్లను అడగరన్నది నిజం కాదు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు కోసం సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. చివరికి తక్కువ దినసరి కూలి ఉన్నవాళ్లకు మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచేలా ఒప్పందం కుదిరింది. లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు రోడ్డెక్కితేనే ఆ మాత్రం కదిలింది.

ఎన్ని రెట్లు ఉంటే న్యాయం అంటారు?

ఒక అంకె చెప్పి చేతులు దులుపుకోలేను. 2017లో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి అక్కడి సీఓఓకి (రోజువారీ పనులు చూసే పెద్ద అధికారికి) ఇచ్చిన పెంపును బహిరంగంగా తప్పుపట్టారు. ఎక్కువమంది ఉద్యోగులకు 6 నుంచి 8 శాతం ఇస్తూ పైవాళ్లకు 60, 70 శాతం ఇవ్వడం సరికాదని ఆయన వాదన. నాకు అదే సరైన కొలత అనిపిస్తుంది. కింద హైక్ ఆగిన ఏడాది పైన కూడా ఆగాలి. మనుషుల్ని తీసేసిన ఏడాది పైన బోనస్ ఉండకూడదు. కాంట్రాక్టు మనిషిని లెక్కలో కలిపి అప్పుడు రెట్లు చెప్పాలి. ఈ మూడూ పాటించే కంపెనీలో వంద రెట్లున్నా నేను పెద్దగా గొడవపడను.

## చట్టం ఏమంటుంది

మన దేశంలో సీఈఓ జీతానికి గరిష్ఠ పరిమితి ఉందా?

ఉంది, కానీ రూపాయల్లో లేదు. కంపెనీ నికర లాభంలో డైరెక్టర్లందరి పారితోషికం కలిపి 11 శాతం మించకూడదు. ఒక్క ఎండీ ఉంటే 5 శాతం, ఎక్కువమంది ఉంటే అందరికీ కలిపి 10 శాతం. ఇంతకుముందు దీన్ని దాటాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. 2018 సెప్టెంబర్ నుంచి అది తీసేశారు, వాటాదారుల ప్రత్యేక తీర్మానం ఉంటే చాలు.

లాభంలో 5 శాతం అంటే పెద్ద కంపెనీకి వందల, వేల కోట్లు. అంటే పెద్దవాళ్లకు ఆ పరిమితి ఉన్నా లేనట్టే. కంపెనీల చట్టం 197వ సెక్షన్‌లో ఉద్యోగి జీతంతో పోల్చి చూపించమన్నారు గానీ, ఇన్ని రెట్లు దాటకూడదని ఎక్కడా లేదు.

వాటాదారులు వద్దంటే నిజంగా ఆగుతుందా?

కొన్నిసార్లు ఆగింది. 2021లో ఐషర్ మోటార్స్‌లో సిద్ధార్థ లాల్‌ని మళ్లీ ఎండీగా నియమిస్తూ పెట్టిన తీర్మానానికి 75 శాతం ఓట్లు కావలసి ఉండగా 73 శాతమే వచ్చాయి. పారితోషికం లాభంలో 1.5 శాతం మించకుండా మార్చి మళ్లీ ఓటుకు పెట్టాక నెగ్గింది. 2018లో అపోలో టైర్స్‌లో కూడా ఇలాగే వ్యతిరేక ఓటు పడ్డాక ప్రమోటర్లు జీతాలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. రెండుచోట్లా పని చేసింది పెద్ద పెద్ద ఫండ్ల ఓట్లు.

వర్కర్ల బోనస్‌కి కూడా ఇలాంటి పరిమితి ఉందా?

ఉంది, అది చాలా గట్టిది. 1965 నాటి బోనస్ చట్టం ప్రకారం కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకే. లెక్క కట్టేది కూడా 7 వేలు లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే దానిమీద. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఈ చట్టం కలిసిపోయింది, 8.33, 20 శాతాలు మాత్రం అలాగే ఉన్నాయి.

కంపెనీకి ఎంత లాభం వచ్చినా వర్కర్‌కి చట్టం చూపించేది 20 శాతం దాకానే. పైన పరేఖ్ గారి 2024-25 లెక్కలో బోనస్ ఒక్కటే మూల వేతనానికి మూడు రెట్లు. దీపావళి ముందు బోనస్ షీటు తయారుచేస్తూ ఈ తేడా గురించి చాలాసార్లు ఆలోచించాను.

వేరే దేశాల్లో పరిమితి పెట్టారా?

స్విట్జర్లాండ్‌లో 2013 నవంబర్‌లో ప్రజలనే అడిగారు, ఒకే కంపెనీలో పై జీతం కింది జీతానికి 12 రెట్లు మించకూడదా అని. 65 శాతం మంది ఆ పరిమితి వద్దన్నారు. అదే ఏడాది మార్చిలో మాత్రం పైవాళ్ల జీతాలపై వాటాదారులకు కట్టుబడే ఓటు ఇవ్వాలన్న ప్రతిపాదనకు 68 శాతం దాకా ఒప్పుకున్నారు.

అమెరికాలో 1993లో పది లక్షల డాలర్లు దాటిన జీతానికి కంపెనీ పన్ను మినహాయింపు తీసేశారు, పనితీరు మీద ఇచ్చేదాన్ని వదిలేసి. దాంతో అందరూ జీతం బదులు స్టాక్ ఆప్షన్లు కుమ్మరించారు. 2017లో ఆ సందు మూశారు. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం వంద రెట్లు దాటిన కంపెనీల మీద అదనపు పన్ను వేస్తోంది.

## మన దగ్గర

సింగరేణిలో లాభాల్లో వాటా ఇస్తారు కదా. అదే అందరూ పాటించొచ్చు కదా?

మంచి పద్ధతి. 2023-24లో సింగరేణికి 4,701 కోట్ల లాభం వచ్చింది. విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.9 లక్షలు. దసరాకి ముందు గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం బజార్లలో ఆ డబ్బు కనిపిస్తుంది. బంగారం షాపులు, బండ్ల షోరూములు కిటకిటలాడతాయి.

అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చింది తలకి 5 వేలు. వాళ్లకు ఇవ్వడం అదే మొదటిసారి, అందుకు సంతోషమే. కానీ గని ఒకటే, దుమ్ము ఒకటే. 1.9 లక్షలకీ 5 వేలకీ మధ్య 38 రెట్లు. పైన ఎవరికి ఎంత అని అడిగే మనం, మన పక్కన నిలబడ్డవాడికి ఎంత అని కూడా అడగాలి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో తేడా ఎంత?

ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్రంలో కనీస మూల వేతనం 18 వేలు, కేబినెట్ సెక్రటరీకి 2.5 లక్షలు. పద్నాలుగు రెట్లు. అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఈ లెక్కలో కూడా లేరు.

## మనం ఏం చేయగలం

నా దగ్గర పది షేర్లున్నాయి. అడిగే హక్కు ఉందా?

ఒక్క షేరున్నా ఉంది. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసుతో పాటు ఈ-ఓటింగ్ వివరాలు మీ మెయిల్‌కి వస్తాయి. చాలామంది చూడకుండా తీసేస్తారు. పారితోషికం తీర్మానం విడిగా ఉంటుంది, దానికి విడిగా ఓటేయొచ్చు. మీటింగ్‌లో మాట్లాడాలంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి. కాంట్రాక్టు వాళ్లను కలిపితే నిష్పత్తి ఎంతో చెప్పమని ఒక్క ప్రశ్న అడిగినా చాలు. మ్యూచువల్ ఫండ్ ఉన్నవాళ్లు తమ ఫండ్ ఏ తీర్మానానికి ఎటు ఓటేసిందో దాని వెబ్‌సైట్‌లో చూడొచ్చు, అది బయటపెట్టడం తప్పనిసరి.

హైక్ మీటింగ్‌లో సీఈఓ జీతం ఎత్తితే పనికొస్తుందా?

సీఈఓకి ఇన్ని కోట్లు అంటే మేనేజర్ నవ్వి ఊరుకుంటాడు, అది అతని చేతిలో లేదు. వార్షిక నివేదికలో రెట్ల లెక్క ఉన్న చోటే ఇంకో రెండు అంకెలుంటాయి. ఆ ఏడాది మామూలు ఉద్యోగుల జీతాలు సగటున ఎంత శాతం పెరిగాయి, పై యాజమాన్యానికి ఎంత శాతం పెరిగింది, తేడా ఉంటే ఎందుకు. ఆ కారణాన్ని కంపెనీ తన మాటల్లోనే రాయాలని నిబంధన ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసుకుని వెళ్లండి. మీకు వచ్చింది ఆ సగటుకన్నా తక్కువైతే, ఎందుకు తక్కువో రాతపూర్వకంగా అడగండి. మా దగ్గర ఒక క్వాలిటీ కెమిస్ట్ ఇలాగే కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మూడు శాతం ఆరున్నర అయింది.